గీత పడకుండా కారు కడగగలరా?

‘కారు కడగడానికీ, కెరీర్ పేజీకీ ఏంటి సంబంధం?’ అనే కదా మీ డౌటు! ఒకప్పుడు నాకూ అదే డౌటు. 2019లో మెకానికల్ ఇంజినీరింగ్ పాసై హైదరాబాద్ వచ్చా. క్యాంపస్ సెలక్షన్స్‌లో ఏదీ తగల్లేదు. అమీర్‌పేటలో హాస్టల్, సాయంత్రం పూట సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు. నెలనెలా ఇంట్లో డబ్బులు అడగాలంటే మొహం చెల్లేది కాదు. హాస్టల్లో ఓ సీనియర్ చెబితే కార్ డిటెయిలింగ్ షాపులో పొద్దున పూట పనికి కుదిరా. ఇంట్లో మాత్రం ‘ట్రెయినింగ్‌లో ఉన్నా’ అని చెప్పా.

మూడో వారం అనుకుంటా. నల్లరంగు సెడాన్ ఒకటి వచ్చింది. బానెట్ మీద పసుపు, కుంకుమ బొట్లు ఇంకా చెరగలేదు. వర్షాకాలం కదా, కింది భాగమంతా బురద. ‘కడగడమే కదా, ఇందులో ఏముంది’ అనుకున్నా. సగంలో చేతికి వేసుకున్న గ్లవ్ జారి కింద పడింది. తీసి, అదే బకెట్‌లో ఓసారి ముంచి, మళ్లీ రుద్దేశా. షెడ్డులో ట్యూబ్‌లైట్ వెలుతురులో కారు అద్దంలా మెరిసింది. లోపల్లోపల తెగ గర్వపడిపోయా.

కస్టమర్ కారుని ఎండలోకి తీశాడు. పది అడుగులు వెళ్లి ఆపేశాడు. దిగి బానెట్ మీదకి వంగి చూశాడు. సాలెగూడు అల్లినట్టు సన్నటి గీతలు.. వందల్లో! ‘నిమ్మకాయలు తొక్కించి పది రోజులు కూడా కాలేదు బాబూ’ అన్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

మా షాపు ఓనర్‌ని అందరం అన్నా అనే పిలిచేవాళ్లం. ఆయన కారుని లోపలికి తెప్పించి, పైసా తీసుకోకుండా మెషిన్‌తో నాలుగు గంటలు పాలిష్ పట్టాడు. అయ్యాక నా దగ్గరకొచ్చి ఒకటే మాటన్నాడు.

‘తమ్మీ, నువ్వు కారు కడగలే. దుమ్ముతోటి రుద్దినవ్.’

నేను ఇంజినీరింగ్‌లో నేర్చుకోనిది ఆ ఒక్క మాటలో ఉంది. కడగడం అంటే రుద్దడం కాదు.. రుద్దే అవసరం రాకుండా దుమ్ముని తీసేయడం. దానికో పద్ధతి ఉంది, ప్రతి మెట్టుకీ ఓ కారణం ఉంది.

అసలు గీత ఎక్కడ పడుతుంది?

కారు రంగు అంటే ఒకటే పూత అనుకుంటాం. కాదు. ఇనుప రేకు మీద తుప్పు పట్టకుండా ఒక పూత, దానిపైన ప్రైమర్, ఆపైన మనకు కనిపించే రంగు, అన్నిటికంటే పైన రంగు లేని పారదర్శకమైన పొర. ఈ చివరి పొరే క్లియర్ కోట్. మెరుపంతా దీనిదే. దీని మందం సాధారణంగా 35 నుంచి 50 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు. మన తల వెంట్రుక మందమే సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. అంటే లక్షలు పోసి కొన్న కారు మెరుపు, వెంట్రుకంత కూడా లేని పొర మీద ఆధారపడి ఉందన్నమాట.

ఇప్పుడు దుమ్ము సంగతి చూద్దాం. గట్టిదనాన్ని కొలిచే మోహ్స్ స్కేలు గుర్తుందా? అందులో మన గోరు 2.5, కిటికీ గాజు సుమారు 5.5, క్వార్ట్జ్ 7. ఇసుకలో ఎక్కువగా ఉండేది క్వార్ట్జే. హైదరాబాద్ చుట్టుపక్కలంతా గ్రానైట్ రాళ్ల నేల. గ్రానైట్‌లోనూ క్వార్ట్జ్ ముఖ్యమైన ఖనిజం. కాబట్టి ఇక్కడ రోడ్డు మీద లేచే దుమ్ములో గాజుని కూడా గీయగల రేణువులు ఉంటాయి. క్లియర్ కోట్ చూస్తే ప్లాస్టిక్ జాతిది. దుమ్ము పట్టిన కారు మీద పొడిగుడ్డ వేసి తుడిచామంటే, ఉప్పుకాగితంతో మెల్లగా రుద్దినట్టే.

ఇలా పడే సన్నటి గీతల్ని స్విర్ల్ మార్క్స్ అంటారు. ఇవి గుండ్రంగా కనిపిస్తాయి కాబట్టి గుండ్రంగా రుద్దితేనే పడతాయని చాలామంది అనుకుంటారు. నిజానికి గీతలు అన్ని దిక్కులకీ ఉంటాయి. సూర్యుడు గానీ, లైటు గానీ పడ్డప్పుడు ఆ వెలుగుకి అడ్డంగా ఉన్న గీతలే మెరుస్తాయి. అందుకే వెలుగు చుట్టూ వలయాల్లా కనిపిస్తాయి. ట్యూబ్‌లైట్ కింద నా కళ్లకి దొరకనివి ఎండలో దొరికిపోయింది అందుకే.

పాలిష్ పడితే పోతాయి కదా అంటారా? పోతాయి. ఎలా పోతాయో తెలుసా? గీత లోతు వరకూ చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ని కూడా కొద్దిగా అరగదీస్తారు. అప్పుడు గీత కనిపించదు. కానీ ఆ అరిగిన పొర మళ్లీ పెరగదు. ఆ రోజు కస్టమర్‌కి మెరుపు తిరిగొచ్చింది గానీ, నా వల్ల అరిగిన పొర తిరిగి రాలేదు.

ఇవి దగ్గర పెట్టుకోండి

ఖరీదైన సామాను ఏమీ అక్కర్లేదు.

• రెండు పెద్ద బకెట్లు: ఒకటి షాంపూ నీళ్లకి, ఒకటి మంచినీళ్లకి. చక్రాలకి ఇంకో పాత బకెట్ ఉంటే మరీ మంచిది.
• గ్రిట్ గార్డ్: బకెట్ అడుగున పెట్టే జల్లెడలాంటి ప్లాస్టిక్ పళ్లెం. కిందకి దిగిన మట్టిని మళ్లీ పైకి రానివ్వదు.
• మైక్రోఫైబర్ వాష్ గ్లవ్: స్పాంజి వద్దు. స్పాంజికి ఉండేది చదునైన ముఖం. రేణువు దానికీ రంగుకీ మధ్య ఇరుక్కుపోతుంది. గ్లవ్‌కి ఉన్న పొడవాటి పోగులు రేణువుని లోపలికి లాక్కుంటాయి.
• కార్ షాంపూ: గాఢత తక్కువగా, పీహెచ్ న్యూట్రల్ అని రాసి ఉన్నది. బట్టల సబ్బు పొడి, గిన్నెల లిక్విడ్ వద్దు. జిడ్డుని వదిలించడం వాటి పని. కారు మీదున్న వ్యాక్స్‌ని కూడా అలాగే వదిలించేస్తాయి.
• మందపాటి మైక్రోఫైబర్ టవల్: తుడవడానికి. ఒకటి పెద్దది, రెండు చిన్నవి.

మైక్రోఫైబర్ అంటే ఏంటో కూడా తెలుసుకోండి. 9,000 మీటర్ల పోగు ఒక గ్రాము తూగితే దాన్ని ఒక డెనియర్ అంటారు. అంతకంటే సన్నని పోగులతో నేసిందే మైక్రోఫైబర్. టవల్ మీద జీఎస్ఎం అని అంకె ఉంటుంది. చదరపు మీటరుకి ఎన్ని గ్రాములన్నది అది. ఎంత ఎక్కువుంటే అంత మందం. తుడవడానికి 500, ఆపైన ఉన్నవి తీసుకోవచ్చు. కొన్న గుడ్డ మీద అనుమానం ఉంటే ఓ చిట్కా ఉంది. పనికిరాని పాత సీడీని నీళ్లతో కడిగి, మెరిసే వైపు ఆ గుడ్డతో కాస్త రుద్ది చూడండి. గీతలు పడ్డాయా? అది కారుకి వద్దు, గచ్చు తుడవడానికి ఉంచుకోండి.

కడిగే వరస

ముందు చోటు. నీడ ఉండాలి. బానెట్ మీద చెయ్యి పెడితే చల్లగా ఉండాలి. వేడి రేకు మీద షాంపూ నిమిషాల్లో ఆరిపోయి మరకలు కడుతుంది. పొద్దున్నే గానీ, సాయంత్రం గానీ మొదలుపెట్టండి.

1. చక్రాలు ముందు. బురద, బ్రేకుల నుంచి రాలే ఇనుప పొడి అంతా అక్కడే ఉంటుంది. ఒళ్లంతా కడిగాక చక్రాల దగ్గరకొస్తే ఆ మురికి మళ్లీ డోర్ల మీదకి చిమ్ముతుంది. చక్రాల బ్రష్, గుడ్డ, బకెట్ వేరుగా ఉండాలి. వాటిని రంగు మీదకి ఎప్పుడూ తేవద్దు.

2. ముట్టుకోకుండా నీళ్లు. పైపుతో పైనుంచి కిందకి బాగా తడపండి. ఈ ఒక్క పని ఓపిగ్గా చేస్తే సగం గండం గడిచినట్టే. ప్రెజర్ వాషర్ ఉంటే వెడల్పుగా కొట్టే నాజిల్ పెట్టి, కనీసం ఒక అడుగు దూరం నుంచి కొట్టండి. ఇంతకుముందే పెచ్చు లేచిన చోట, స్టిక్కర్ల అంచుల దగ్గర ఇంకా దూరం జరగండి. పక్షి రెట్ట, చచ్చిన పురుగులు గట్టిపడి ఉంటే గోకవద్దు. తడిగుడ్డని వాటి మీద కాసేపు ఉంచండి. మెత్తబడి వాటంతట అవే వదులుతాయి.

3. నురుగు. స్ప్రేతో షాంపూ నురుగు పట్టించి మూడు నాలుగు నిమిషాలు వదిలేయండి, ఆరిపోకముందే కడిగేయండి. స్ప్రే లేకపోతే ఈ మెట్టు వదిలేసి, రెండో మెట్టునే మరోసారి చేయండి.

4. రెండు బకెట్లు. గ్లవ్‌ని షాంపూ నీళ్లలో ముంచండి. టాప్, అద్దాలు, బానెట్, డిక్కీ, డోర్ల పైభాగం, చివరగా డోర్ల కిందిభాగం, బంపర్లు.. ఇదే వరస. మట్టి ఎక్కువగా ఉండేది కిందే కాబట్టి అది ఆఖర్న. ఒక్కో భాగం అవ్వగానే గ్లవ్‌ని మంచినీళ్ల బకెట్‌లో అడుగున ఉన్న పళ్లేనికి రాసి, పిండి, ఆ తర్వాతే మళ్లీ షాంపూలో ముంచాలి. కాసేపయ్యాక మంచినీళ్ల బకెట్‌లోకి చూడండి. అడుగున చేరిన మట్టి కనిపిస్తుంది. ఒక్క బకెట్‌తో కడిగే వాళ్లు దాన్నంతా మళ్లీ కారుకే పూస్తున్నారు.

5. బలం వద్దు. గ్లవ్ బరువు చాలు. నొక్కకుండా, నిలువుగానో అడ్డంగానో తిన్నగా జరపండి. పొరపాటున గీత పడినా ఒకే దిక్కున ఉంటే తక్కువగా కనిపిస్తుంది.

6. కింద పడ్డది కింద పడ్డట్టే. గ్లవ్, గుడ్డ ఏదైనా సరే నేలని తాకితే ఆ రోజుకి దాని డ్యూటీ అయిపోయింది. ‘ఒక్కసారి జాడిస్తే పోతుందిలే’ అన్న ఆలోచనే నా కొంప ముంచింది. చేతికందే దూరంలో ఇంకో గ్లవ్ పెట్టుకోండి.

7. చివరగా మళ్లీ పైనుంచి కిందకి నీళ్లు. పైపుకున్న నాజిల్ తీసేసి, నెమ్మదిగా పలచటి పొరలా పారించండి. నీళ్లు ఒకదాన్నొకటి లాక్కుంటూ జారిపోతాయి. తుడవాల్సిన పని బాగా తగ్గుతుంది.

కడిగాక ఆరబెట్టడం.. అసలు పరీక్ష

‘ఎండకి వదిలేస్తే అదే ఆరుతుంది’ అనుకుంటే ఇంకో తలనొప్పి మొదలు. మన ఊళ్లలో చాలాచోట్ల బోరునీళ్లు. వాటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. నీళ్లు ఆవిరైపోతాయి, లవణాలు మిగిలిపోతాయి. ఇంట్లో కుళాయి చుట్టూ, గీజర్ లోపల కనిపించే తెల్లటి పేరుకుపోవడం ఉందే, కారు మీద మచ్చలూ అవే. వాటిని వదిలించడానికి మళ్లీ రుద్దుతాం.. మళ్లీ గీతలు.

కొన్ని ఇళ్లలో ఆర్వో మెషిన్ వదిలేసే నీళ్లు పట్టి కారు కడుగుతుంటారు. నీళ్లు వృథా కాకూడదన్న ఆలోచన మంచిదే. కానీ తాగే నీళ్లలోంచి తీసేసిన లవణాలన్నీ ఆ నీళ్లలోనే ఉంటాయి. వాటిని చక్రాలకి, మొదటి తడుపుకి వాడండి. ఆఖరి కడుగుడుకి మాత్రం వద్దు. ఆఖరికి ఏసీ నుంచి కారే నీళ్లు పట్టి పెట్టుకోండి. గాల్లోని తేమే చల్లబడి నీరైంది కాబట్టి అందులో లవణాలు దాదాపు ఉండవు. బకెట్ నిండితే ఓ చిన్న కారుకి సరిపోతుంది.

ఇక తుడవడం. టవల్‌ని బానెట్ మీద దుప్పటిలా పరవండి. రెండు అంచులూ పట్టుకుని మెల్లగా మీవైపు లాగండి, లేదా పైన అద్దండి. నీళ్లని అదే పీల్చుకుంటుంది. రుద్దకండి. టాప్‌తో మొదలుపెట్టి కిందకి రండి. గచ్చు మీద నీళ్లు లాగే రబ్బరు వైపర్‌ని మాత్రం రంగు మీద వాడొద్దు. దాని అంచు కింద ఒక్క రేణువు ఇరుక్కున్నా బానెట్ ఈ చివర్నించి ఆ చివరికి గీత గ్యారంటీ.

సైడ్ అద్దాల మడతలు, డోర్ హ్యాండిళ్లు, నంబర్ ప్లేటు వెనక నీళ్లు దాక్కుంటాయి. బ్లోయర్ ఉంటే గాలి కొట్టండి. లేకపోతే చిన్న గుడ్డతో అద్దండి. డోర్లు తీసి లోపలి అంచుల్ని పాత గుడ్డతో ఆఖర్న తుడవండి. ఆ గుడ్డ మళ్లీ పైకి రాకూడదు. అంతా అయ్యాక కారుని కొద్ది దూరం నడిపి రెండు మూడుసార్లు మెల్లగా బ్రేక్ నొక్కండి. డిస్కుల మీద తడి పోతుంది.

ఇప్పటికే మచ్చలు పడిపోయాయా? కొత్తవైతే తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి, మెత్తటి గుడ్డతో కాసేపు అద్ది, వెంటనే షాంపూతో కడిగేయండి.

వాడిన గుడ్డల్ని వేరుగా ఉతకాలి. నూలు బట్టలతో కలిపితే వాటి నూగు అంటుకుంటుంది. కంఫర్ట్ లాంటి ఫ్యాబ్రిక్ కండిషనర్ వేస్తే పోగులకి పూత పట్టి నీళ్లు పీల్చవు. వేడినీళ్లు, ఇస్త్రీ వద్దు. నీడలో ఆరేసి మూత ఉన్న డబ్బాలో దాచుకోండి.

బకెట్ ఒకటి.. కార్లు పదిహేను

మన అపార్ట్‌మెంట్లలో పొద్దున్నే కనిపించే సీన్ ఇది. వాచ్‌మన్ ఒక బకెట్, ఒక గుడ్డతో వరసగా పదిహేను కార్లు తుడిచేస్తాడు. మొదటి కారు దుమ్ము పదిహేనో కారు దాకా వెళ్తుంది. తప్పు ఆయనదని నేననను. ఆఫీసులకి బయల్దేరే లోపు అన్నీ అవ్వాలి, నీళ్లు మోసుకురావాలి, మనమిచ్చేదేమో నెలకి కొద్ది మొత్తం. పద్ధతి చెప్పిందెవరు? సరైన గుడ్డ కొనిచ్చిందెవరు? రెండు మైక్రోఫైబర్ గుడ్డలు కొనిచ్చి, ‘రోజూ తుడవొద్దులే బాబాయ్, వారానికోసారి నీళ్లు కొట్టి కడుగు చాలు’ అని చెప్పి చూడండి. ఆయనకీ శ్రమ తగ్గుతుంది, కారూ బాగుంటుంది.

కారు లేదా? బైక్ ట్యాంకు మీద కూడా క్లియర్ కోటే ఉంటుంది. బండెక్కే ముందు సీటు కిందున్న గుడ్డతో ట్యాంకు తుడిచే అలవాటు ఉంటే, ఈ రోజే మానేయండి.

పనిలో నేర్చుకున్న పాఠం

ఆ నల్ల కారు తర్వాత అన్న నా జీతం కోయలేదు. షెడ్డు వెనక స్క్రాప్‌లో పడున్న నల్లరంగు డోరు ఒకటి ఇచ్చాడు. ‘రోజూ దీన్ని కడుగు. టార్చి కొట్టి చూస్త. కొత్త గీత కనిపిస్తే మళ్ల మొదటికెళ్లి’ అన్నాడు. పది రోజులు కడిగా. మొదటి నాలుగు రోజులూ ఫెయిలే. గీత పడ్డ ప్రతిసారీ ‘ఎందుకు పడింది’ అని అడిగేవాడు. ‘గుడ్డలో ఇసుక ఉందన్నా.’ ఎందుకుంది? ‘కింద పెట్టా.’ ఎందుకు పెట్టావ్? ‘పెట్టుకోవడానికి స్టూలు లేదు.’ మర్నాడు అక్కడో స్టూలు వచ్చింది. టయోటా కంపెనీ ఉత్పత్తి విధానంలో దీన్నే ‘ఫైవ్ వైస్’ అంటారని, సకిచి టయోడా పేరుతో ప్రసిద్ధమైందని తర్వాత చదువుకున్నా. అన్న అది చదివి ఉండడు. కానీ చేసి చూపించాడు.

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు నాన్న బైకు కడిగా. రెండు బకెట్లు చూసి నాన్న నవ్వాడు. ‘ఇదెక్కడ నేర్చుకున్నావ్‌రా’ అంటే దాచలేక అంతా చెప్పేశా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘ట్రెయినింగే కదరా.. అబద్ధమేం చెప్పలేదు’ అన్నాడు.

ఆ ఐదు నెలల్ని రెజ్యూమెలో రాయాలా, గ్యాప్ అని వదిలేయాలా? చాలా రోజులు తేల్చుకోలేకపోయా. చివరికి రాశా. టెస్టింగ్ ఉద్యోగం ఇంటర్వ్యూలో ‘మీరు చేసిన ఒక తప్పు చెప్పండి’ అన్నారు. ‘నేను పర్ఫెక్షనిస్ట్‌ని’ లాంటి బట్టీ జవాబులు నా దగ్గరా ఉన్నాయి. కానీ నల్ల కారు కథే చెప్పా. తప్పేంటి, ఎవరికి నష్టం, కారణం ఎలా కనిపెట్టాం, మళ్లీ జరక్కుండా ఏం మార్చాం.. ఈ నాలుగూ. తిరిగి తిరిగి ప్రశ్నలన్నీ దాని మీదే అడిగారు. ఆ కథ వల్లే ఉద్యోగం వచ్చిందని చెప్పను, టెక్నికల్ రౌండ్లు దాటాల్సిందే. కానీ ఆ గదిలో నేను భయపడకుండా మాట్లాడిన పది నిమిషాలూ అవే.

ఈ పనిలోనే స్థిరపడదామనుకునే వాళ్లకీ దారులున్నాయి. వాషింగ్‌తో మొదలై పాలిషింగ్, సిరామిక్ కోటింగ్, పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్ అతికించడం దాకా నేర్చుకుంటూ పోవచ్చు. సొంతంగా పెట్టుకోవాలంటే 2015లో మొదలైన ప్రధానమంత్రి ముద్ర యోజన ఉంది. అందులో శిశు విభాగం కింద 50 వేల వరకూ, కిశోర్ కింద 5 లక్షల వరకూ రుణానికి బ్యాంకులో దరఖాస్తు చేసుకోవచ్చు. అయితే అప్పు చేసే ముందు కనీసం ఆర్నెల్లు ఏదైనా షాపులో పనిచేయండి. గీతలు వేరేవాళ్ల పర్యవేక్షణలో పడాలి, మీ మొదటి కస్టమర్ బానెట్ మీద కాదు.

డిగ్రీ చేతిలో పెట్టుకుని చిన్న పని చేస్తున్నామని మీలో ఎవరైనా దాస్తున్నారా? డెలివరీ కావచ్చు, జిరాక్స్ షాపు కావచ్చు, మీ నాన్న కిరాణా కొట్టు కావచ్చు. ఈ రాత్రి ఓ కాగితం తీసుకుని, అక్కడ మీరు చేసిన ఒక తప్పు, దాన్ని ఎలా సరిదిద్దారన్నది నాలుగు వాక్యాల్లో రాయండి. ఇంటర్వ్యూకి వెళ్లే ముందు ఒకసారి చదువుకోండి. ఇక ఆదివారం ఎవరి బండైనా కడిగితే.. గ్లవ్ కింద పడకుండా చూసుకోండి!